బాటసారి నమాజు

మా పెద్దమ్మ జుమ్మై నడకలో పుట్టింది. ఆమె తల ఒక ఊరి పొలిమేరలోనూ, కాళ్ళు పక్క ఊరి పొలిమేరలోనూ బయటపడ్డాయనీ, అంతసేపూ మా అమ్మమ్మ అడుగు ఆపలేదనీ తాత చెప్పేవాడు. తాత చెప్పినవన్నీ నమ్మనక్కరలేదు. చాద్ ఎడారిలో తన నీడ ఎండకు తాళలేక కూలబడితే, దాన్ని మడిచి గాడిద మీద వేసుకుని తెచ్చానని కూడా చెప్పేవాడాయన. అయితే నడిచిన మాట నిజం. పడమట సొకోటో దేశం నుంచి బయల్దేరిన ఆ కుటుంబం కొన్నేళ్ళు నడిచి, సూడాన్‌లో నీలి నైలు గట్టు మీద ఒక వానాకాలం ఆగింది. వాన తగ్గాక పోదామనుకున్నారు. వాన తగ్గింది. దారి తిండికి ఒక పంట జొన్న వేసుకుని పోదామన్నారు. పంట వచ్చేసరికి గాడిద చూలుతో ఉంది. అది ఈనేసరికి మళ్ళీ వాన పట్టుకుంది. హిల్లా జాలో అనే మా ఊరు అలా పుట్టింది.

వాళ్ళు పోతున్నది మక్కాకే గాని, అంతకంటే ముందు ఒక మనిషి కోసం. ప్రతి నూరేళ్ళకూ దేవుడు మతానికి పట్టిన తుప్పు వదలగొట్టే మనిషిని ఒకణ్ణి పంపుతాడనీ, వాళ్ళందరిలో పెద్దవాడైన మహదీ తూర్పున కనిపిస్తాడనీ తాతకు ఆయన గురువు చెప్పాడు. "అతను పిలిచినప్పుడు చెప్పులు వెతుక్కునేవాడు వెనకబడతాడు" అన్నాడట. అందుకే మా తాత ఇంట్లో కొన్ని కట్టుబాట్లుండేవి. ఇటుకతో ఇల్లు కట్టకూడదు. ఒక పంటకారు దాటి బతికే చెట్టేదీ నాటకూడదు. తలుపు పక్కన తోలుతిత్తి, సొరబుర్ర, వేయించిన సజ్జపిండి మూట, ఒక కర్ర ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఏటా కొత్త సంవత్సరం మొదలయ్యే మొహర్రం మొదటి రోజున పాత పిండి తీసి కొత్త పిండి పొయ్యాలి.

నది పక్కనున్న అరబ్బుల ఊళ్ళో జనం, పడమటి నుంచి వచ్చిన మమ్మల్ని ఫెల్లాతావాళ్ళని పిలిచి నవ్వేవారు. "మా మహదీ వచ్చి, తెల్లవాళ్ళను తరిమి, సమాధిలో పడుకుని కూడా చాలా కాలమైంది. మీ ఫెల్లాతావాళ్ళకు కబురందలేదా?" అనేవారు. "ఆయన మీ నూరేళ్ళకు. మా నూరేళ్ళకు ఇంకొకడు" అనేవాడు తాత.

అన్నిటికన్నా గట్టి కట్టుబాటు నమాజుది. బాటసారికి దేవుడు ఒక వెసులుబాటు ఇచ్చాడు. నమాజులో నిలబడి, వంగి, సాష్టాంగపడే ఒక్కో వరస ఒక రకాతు. నాలుగు రకాతుల నమాజును అతను రెండుతో ముగించవచ్చు. "రేపు పోతాను, ఎల్లుండి పోతాను" అనుకుంటూ ఆగిపోయినవాడికి ఆ వెసులుబాటు ఎంతకాలమైనా చెల్లుతుంది. ఇక ఇక్కడే ఉంటానని మనసులో అనుకున్న క్షణం చెల్లదు. ఊళ్ళో మిగతావాళ్ళు ఒక్కొక్కరే నాలుగుకు మారిపోయారు. తాత మారలేదు. ఆయన పోయాక పెద్దమ్మ ఒక్కతే మిగిలింది. ఇంట్లో చాప మీద రెండు రకాతులు చదివి, తల అటూ ఇటూ తిప్పి ముగింపు సలాం చెప్పి, లేచి చాప చుట్టేసేది, బండి వేళయినట్టు.

మా వైపు ముసలమ్మలందర్నీ మర్యాదకు హాజ్జా, అంటే హజ్జు చేసొచ్చినావిడ, అంటారు. ఆమెను అంటే ఒప్పుకునేది కాదు. "మక్కా చూడలేదు. ఇంకా దారిలోనే ఉన్నాను. అక్కడికి చేరాక పిలుద్దువుగాని" అనేది.

ఆమెకు కూతురొకతె ఉండేది, సఫియ్యా. చిన్నప్పుడే తట్టు సోకి పోయింది. ఆ పిల్లను గట్టు మీద పాతిపెట్టిన చోట ఒక గోరింట పొద లేచింది. మేక ఎక్కడో తిని వచ్చి అక్కడ వేసిందని పెద్దమ్మ చెప్పింది. మేమూ నమ్మాం. మా ఊరి మేకలు అంతకంటే గొప్ప పనులు చేశాయని నేనే చాలామందికి చెప్పాను. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కున్న వుజూ నీళ్ళు ఆమె ఎప్పుడూ ఆ పొద మొదట్లోనే పారబోసేది.

హిజ్రీ లెక్కలో పద్నాలుగో నూరేళ్ళు ముగిసిపోతున్న సంవత్సరం కాలువ తవ్వే కబురు వచ్చింది. గట్టు పొలాలన్నిటికీ నీళ్ళొస్తాయి. అయితే పొలం ఎవరిదో ముందు తేలాలి. నల్లకళ్ళద్దాల అధికారి ఒకడు వచ్చి, తుమ్మచెట్టు కింద మంచం మీద కూర్చుని, మర్యాదగానే చెప్పాడు. ప్రతి ఇంటి పెద్దా ఖురాన్ మీద చెయ్యి వేసి, ఇది మా సొంత ఊరు, ఇక్కణ్ణుంచి పోయే ఉద్దేశం లేదు అని చెప్పాలి. చెప్పినవాళ్ళకు పొలం ఉంటుంది. చెప్పనివాళ్ళది పక్క ఊరికి పోతుంది.

పక్క ఊరి పెద్ద అక్కడే ఉన్నాడు. "ఫెల్లాతావాళ్ళు బాటసారులయ్యా. నేను అనడం లేదు, వాళ్ళే చెప్పుకుంటారు. బాటసారికి నీళ్ళిస్తాం. పొలమిస్తామా?" అన్నాడు.

మా ఇళ్ళన్నీ ఒప్పుకున్నాయి. జుమ్మై పెద్దమ్మ ఇల్లు మాత్రం మిగిలింది. తాత పోయాక ఆ ఇంటికి పెద్ద ఆమే. ఆమె కొడుకు గిదాదో ఆ పొలంలో పుట్టి, దాన్ని దున్నుతూనే నెరిసినవాడు. ఆ రోజు సంకటి ముందు కూర్చున్నాడు గాని చెయ్యి పెట్టలేదు.

"ఒక్క మాటేగా అమ్మా. ఇది మా ఊరు అని చెప్పు."

"దారిలో ఆగినవాణ్ణి ఏ ఊరని అడిగితే, పోయే ఊరు చెప్తాడు గాని కూర్చున్న చెట్టు పేరు చెప్తాడా?"

"డెబ్భై ఏళ్ళు ఒకే చెట్టు కింద కూర్చుంటే ప్రయాణం అనరు, మొండితనం అంటారు."

"మీ తాత వింటే చెప్పు తీస్తాడు."

"ఎలా వింటాడు? గట్టు మీద పడుకున్నాడు. ఆయనా బయల్దేరలేదు."

పెద్దమ్మ గిన్నె అతని వైపు జరిపింది. "తిను. చల్లారితే బెండపొడి పులుసు జిగురెక్కుతుంది."

"రేపు ఆ పొలంలోనే నేను కూలికి పోవాలమ్మా. నా పొలంలో, ఇంకొకడి అరుపులు వింటూ."

ఆమె గిన్నె మీద మూత పెట్టింది. "కొత్త నూరేళ్ళు మొదలవనీ. ఆయన వస్తే పొలం దేనికి? రాకపోతే చూద్దాం." అధికారి కూడా మొహర్రం దాటాకే తిరిగి వస్తానన్నాడు.

కొత్త సంవత్సరం మొదటి రోజు తెల్లవారుతూనే ఆమె ఉతికిన గుడ్డ కట్టుకుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని, తూర్పు వైపు తిరిగి వాకిట్లో కూర్చుంది. నీళ్ళకు పోతున్న ఆడవాళ్ళు ఆగారు.

"పెద్దమ్మా, గుర్రమెక్కి వస్తాడా, లారీ ఎక్కి వస్తాడా?"

"ఏదెక్కి వచ్చినా మీ వాకిలి చూసి దిగడు. ముందు పోయి ఊడ్చుకోండి."

ఆ రోజు ఎవరూ రాలేదు. మర్నాడు రేడియోలో కబురు వచ్చింది. క్రైస్తవ సన్యాసినుల బడిలో బెత్తం దెబ్బలతో నేర్చుకున్న ఇంగ్లీషు నా దగ్గర ఉండబట్టి, లండన్ వార్తలు ఊరికి నేనే చెప్పేవాణ్ణి. సాధారణంగా కొంచెం కలిపి చెప్పేవాణ్ణి. ఆ రోజు కలపడానికి ఏమీ మిగల్లేదు. మక్కాలో కాబా ఆవరణ తలుపులు మూసేశారు. లోపల తుపాకులతో మనుషులున్నారు. తమలో ఒకణ్ణి చూపించి, ఇతనే మహదీ అన్నారు.

ఊరంతా మా రేడియో చుట్టూ మూగింది. పెద్దమ్మ లేచి నిలబడింది. తిత్తి భుజానికి తగిలించుకుని, పిండిమూట నెత్తిన పెట్టుకుంది. గిదాదో ముఖం పాలిపోయింది. ఆమె వాకిలి దాటబోతూ వెనక్కి తిరిగి నన్నడిగింది.

"తుపాకులు బయటివాళ్ళవా, లోపలివాళ్ళవా?"

"ఇద్దరివీనట పెద్దమ్మా. లోపలికి కూడా అతని మనుషులే తెచ్చారట."

"కాబా దగ్గర చీమను చంపినా పాపమే." మూట కిందికి దించింది. "అక్కడికి తుపాకీ తెచ్చినవాడు ఆయన కాడు."

తర్వాత కొన్నాళ్ళకు రేడియో ఆ మనిషి చచ్చిపోయాడని చెప్పింది. యాత్రికులు కూడా చాలామంది పోయారు. నూరేళ్ళ తలుపు తెరిస్తే మొదట లోపలికొచ్చింది నెత్తురన్నమాట, అన్నది పెద్దమ్మ. మళ్ళీ తూర్పు వైపు కూర్చోలేదు.

అధికారి వస్తాడనగా ముందు రోజు ఆమె ఫకీ బుఖారీని పిలిపించింది. మా పిల్లలకు చదువు చెప్పేవాడూ, నమాజు చేయించేవాడూ ఆయనే. ఆమె కంటే చిన్నవాడు. ఆయన వచ్చేసరికి ఆమె గోరింట పొద దగ్గరుంది. వాళ్ళ మాటలు ఫకీ నాకు చాలా కాలం తర్వాత చెప్పాడు.

"ఆయన ఎందుకు రాలేదు బుఖారీ?"

"నూరేళ్ళకొకడు వస్తాడన్నారు గాని, డప్పు కొట్టుకుంటూ వస్తాడనలేదు కదక్కా. ఏ సందులోనో నలుగురికి నిజం చెప్పడం నేర్పుతున్నాడేమో. లేదా వచ్చి, మనం జొన్నలు దంచుకుంటుంటే పలకరించి, పలక్కపోతే వెళ్ళిపోయాడేమో."

"మంచి మాటే. దానికంటే లేదని చెప్పినా బాగుండేది." ఆమె పొదను చూపించింది. "దీన్ని ఎవరు నాటారు?"

"మేక."

"నేను."

ఫకీ పొద వైపు తిరిగి చూశాడు.

"సఫియ్యా పోయిన వారానికి. గింజ నానబెట్టి, నాన్న చూడకుండా నాటాను. చెట్టు నాటినవాడు బాటసారి కాడని నాకు తెలియక కాదు. ఆ రోజు మనసులో అనుకున్నాను. ఆయన వచ్చి పేరు పెట్టి పిలిచినా ఈ పిల్లను ఇక్కడ వదిలి పోను అని."

"అయితే ఆ రోజు నుంచి నాలుగు చదవాల్సింది."

"నాన్న చాప పక్కనే నా చాప. మూడో రకాతుకు లేచానంటే ఆయనకు తెలిసిపోయేది. కూతురు వెనక్కి తగ్గిందని ఆయన గుండె పగిలేది. ఆయన పోయాక చదువుదామనుకున్నాను. అప్పుడు ఊరు చూస్తోంది. ఊరు చూడ్డం మానేసరికి అలవాటయింది."

"దేవుడు దయగలవాడక్కా."

"ఆ సంగతి నీకంటే ముందు నాకు తెలుసు. నేను అడిగేది అది కాదు. అవన్నీ నేను మళ్ళీ చదవాలా, వద్దా?"

ఫకీ నేల చూపులు చూశాడు. అబద్ధం చెబుదామని నాలుక దాకా వచ్చిందట. "చదవాలి" అన్నాడు.

మర్నాడు తుమ్మచెట్టు కింద ఊరంతా నిలబడింది. పక్క ఊరి పెద్ద గడ్డం నిమురుకుంటున్నాడు. పెద్దమ్మ కర్ర ఊనుకుంటూ వచ్చి ఖురాన్ మీద చెయ్యి పెట్టింది.

"ఇది నా ఊరు. ఇక్కణ్ణుంచి పోయే ఉద్దేశం నాకు లేదు." ఆగి, ఎవరూ అడగకపోయినా ఇంకో మాట అంది. "చాలా కాలంగా లేదు."

గిదాదో ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుంది. "మధ్యాహ్నం వేళయింది. నీళ్ళు పెట్టు."

ఆ నమాజు నేను వాకిట్లోంచి చూశాను. రెండు రకాతులు చదివి కూర్చుంది. సలాం చెప్పడానికి ఆమె మెడ అలవాటుగా కుడికి కదిలింది, సగంలో ఆగింది, వెనక్కి వచ్చింది. తర్వాత ఆమె తలుపు పక్కనున్న కర్ర అందుకుని, దాని మీద బరువు వేసి, మూడో రకాతుకు లేచి నిలబడింది. లేవడం కొత్తగా నేర్చుకుంటున్న మనిషిలా ఉంది.

గిదాదో ఆ ఏడే ఇటుకల ఇల్లు కట్టాడు. కాలువ వచ్చింది, పొలం పండింది. పెద్దమ్మ ఆ ఇంట్లో చాప దిగలేదు. ఏ పూట నమాజు ఆ పూట చదివి, తర్వాత సఫియ్యా పోయిన నాటి నుంచి చదవాల్సినవి మొదలుపెట్టేది. ఎవరైనా పలకరిస్తే, "ఉండు, ఇంకా నాన్న బతికున్న రోజుల్లోనే ఉన్నాను" అనేది. ముందు అది హాస్యమనుకుని నవ్వాం. మోకాళ్ళు వాచాయి. కూర్చుని చదవమని ఫకీ చెప్పాడు. చేతనైనన్నాళ్ళు నిలబడే చదివింది. మొహర్రం వచ్చినా పిండి మార్చలేదు. పురుగు పట్టిన మూటను ఒకరోజు మేక లాక్కుపోయింది, ఈసారి నిజంగా మేకే.

రెండో వానాకాలంలో మంచం పట్టింది. నేను పక్కనుండగానే గిదాదోను అడిగింది.

"ఇంకా చాలా ఉన్నాయిరా?"

"అయిపోయాయమ్మా. నేను చూస్తూనే ఉన్నానుగా."

"నీకు అబద్ధం చెప్పడం మొదట్నుంచీ రాదు" అంది. అదే ఆమె నాతో గాని, అతనితో గాని చివరగా ఆడిన మాట.

గోరింట పొద పక్కనే పాతిపెట్టాం. వానకు గట్టు మెత్తబడి తవ్వడం తేలికయింది. జనం వెళ్ళిపోయాక గిదాదో ఫకీని ఆపాడు.

"మిగిలినవి నేను చదవచ్చా?"

"ఉపవాసమైతే ఆలోచించేవాణ్ణి. హజ్జు అయినా సరే. నమాజు మాత్రం ఒకరిది ఇంకొకరు చదవడానికి లేదు నాయనా."

గిదాదో తలూపాడు.

ఆ తర్వాత చాలా కాలం నేనూ ఫకీ పొద్దు వాలే వేళ గట్టు మీదుగా నడిచేవాళ్ళం. మసీదులో నాలుగు రకాతులు చదివి వచ్చిన గిదాదో, గోరింట పొద పక్కన ఒక్కడే నిలబడి ఇంకో రెండు చదువుతూ కనిపించేవాడు. అవి చెల్లవని ఫకీకి తెలుసు. గిదాదోకూ తెలుసు. ఫకీ నా మోచెయ్యి పట్టుకుని, చప్పుడు కాకుండా, దూరపు దారిన తీసుకుపోయేవాడు.