ఆదెమ్మక్క పూడ్చిన తొక్కలు

నవ్వే మనిషంటే నాకు అనుమానం. అందులోనూ నవ్వడానికి కారణమే లేని మనిషి నవ్వితే అస్సలు నమ్మను. మా తోడికోడలు ఆదెమ్మ అలాంటి మనిషి.

దమ్మపేట దాటి అడవిలోకి పోతే మా గూడెం. ఆదెమ్మక్కకు పిల్లలు పుట్టలేదు. మా అత్త కన్నమ్మే పనికిరానిదని తిట్టిపోసి, దగ్గరుండి పెద్దకొడుక్కి మారుపెళ్లి చేసింది. బావ కొత్త పెళ్లాంతో సత్తుపల్లి బొగ్గు పనికి పోయాడు. అక్క మా కంచె పక్కనే గుడిసె వేసుకుని, పొద్దెక్కినా లేవకుండా గోడవైపు తిరిగి పడుకునేది. ఎందుకు బతుకుతున్నానో తెలియడం లేదని ఒకసారి నాతోనే అంది. రెండు తిట్లు తిట్టి, గంజి పోసి వచ్చాను.

తర్వాత ఎవరో తీసుకుపోతే దమ్మపేటలో రేకుల షెడ్డు చర్చికి పోయింది. బాప్తిస్మం తీసుకుంది. ఏడాది తిరిగేసరికి మనిషే మారిపోయింది. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చడం, పాటలు పాడుకోవడం, జ్వరమొచ్చిన వాళ్లను ఆటో ఎక్కించి దవాఖానాకు తీసుకుపోవడం! ఇవన్నీ ఊరికే ఎవరు చేస్తారు? దీని వెనక ఏదో ఉందనుకున్నాను. ఆమె సంచి కూడా వెతికాను. బైబిలు, దువ్వెన, సగం బిస్కెట్ పాకెట్టు తప్ప ఏమీ లేవు. ఏమీ దొరకకపోయేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది.

మా గూడెంలో కొత్త చిక్కుడుకాయ ముందు వేల్పుకి పెట్టాలి. ఆ పండుగ కాకముందు ఎవరు నోట్లో పెట్టుకున్నా ఊరికి కీడు. చర్చికి పోయే మనిషి ఇది పాటిస్తుందా అని అందరికీ సందేహమే. పెద్దమనిషి పగిడయ్య మొహం మీదే అడిగాడు.

"నా దేవుడు తినొద్దనలే మామా. కానీ నేను తింటే మీకు భయమైతది గదా. మీ పండుగయ్యేదాక ముట్ట," అంది అక్క.

ఎంత తియ్యగా చెప్పిందో! నేను మాత్రం కంచె సందులోంచి రోజూ కనిపెట్టి చూస్తూనే ఉన్నాను. పండుగ దగ్గర పడుతుండగా దొరికిపోయింది. పెరట్లో గుంట తవ్వి, ఉడికిన చిక్కుడు తొక్కలు పూడ్చిపెడుతోంది.

నేను ఊరుకుంటానా? పగిడయ్య దగ్గరికి ఉరికాను. పంచాయితీ పెట్టారు.

"నువ్వు తిన్నవా?" అన్నాడు పగిడయ్య.

"నేను తినలే."

"మరి ఎవరు తిన్నరు?"

అక్క నోరు విప్పలేదు. మర్నాడు మధ్యాహ్నానికల్లా పేరు చెప్పకపోతే గుడిసె పీకి గూడెం దాటిస్తామన్నారు. ఆ గుడిసె తప్ప ఆమెకు ఇంకో చోటు లేదు.

మర్నాడు పొద్దున మా అత్త కనిపించలేదు. వెతుక్కుంటూ అక్క పెరట్లోకి పోయాను. అత్తకు ఈమధ్య మతి నిలవడం లేదు. పండుగ అయిందో కాలేదో కూడా గుర్తుండదు. అత్తే అక్క పొయ్యి మీద గిన్నె పెట్టుకుని, ఉడికిన చిక్కుడుకాయలు ఊదుకుంటూ తింటోంది. వేల్పు పూజారి పెళ్లాం ఆమె! మా మామ బతికున్నన్నాళ్లు వేల్పుకు కొత్త పంట వండిపెట్టిన మనిషి. అలాంటామే కట్టు తప్పిందని బయటపడితే రేపు ఆమె పోయినా గూడెంలో ఒక్కరూ పాడె పట్టరు.

అక్క గబగబా వచ్చి గిన్నె లాక్కుని, అత్త మూతి తుడిచింది. అప్పుడే నన్ను చూసి కొయ్యబారిపోయింది.

"నీ కాపురం కూల్చిందే ఈమె! ఈమె కోసం ఊరిడిసి పోతవా? నీకేమొస్తది అక్కా?" అని అరిచాను.

"ఏమొస్తదో తెల్వదు దుర్గా. ఎవరికీ పనికిరానని పడుకున్నదాన్ని ఏసయ్య లేపిండు. ఎందుకు లేపిండో నాకిప్పుడు సమజైతున్నది. ముసల్ది పరువుతోని పోవాలె."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. నేరుగా పగిడయ్య ఇంటికి పోయాను. గుడిసె పీకడానికి మనుషులు గడ్డపారలతో తయారుగా ఉన్నారు.

"కాయలు తిన్నది నేనే. నన్ను కాపాడనీకె అక్క నోరు మూసుకున్నది. ఏం చేస్తరో నన్ను చెయ్యిన్రి," అన్నాను.

గడ్డపారలు కిందికి దిగాయి. మా మనిషివి కాబట్టి వేల్పుకి మేకనిచ్చి తప్పు కట్టుకో, చాలన్నారు. పగిడయ్య మాత్రం నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంది దుర్గా, నువ్వు గూడ చర్చిల కలిసినవా?"

లేదన్నాను. ఒక్కరూ నమ్మలేదు.