పొంగు మాస్టారు

రాయి కనిపిస్తే దాని మీద ఒక చుక్క ఆమ్లం వెయ్యకుండా ముందుకు కదలలేని మనిషి పొంగు మాస్టారు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్తారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఆయనకు పలచటి ఆమ్లం నింపిన చిన్న సీసా ఉంటుంది. అందులోంచి డ్రాపరుతో ఒక చుక్క వేసి, వంగి, చెవి దగ్గరగా పెట్టి వింటారు. బుసబుసమని నురగ పొంగిందా, "కార్బొనేట్" అని తప్పిపోయిన చుట్టం దొరికినట్టు సంబరపడతారు. పొంగలేదా, "కాదు" అని లేచి, మోకాళ్లు దులుపుకుని పక్కదాని దగ్గరికి వెళ్తారు.

ఈ అలవాటు వల్ల అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడ్డవాడు ఆయన బావమరిది. అతనికి మార్బుల్ షాపు ఉంది. మార్బుల్ అంటే నిలువెల్లా కార్బొనేటే. చుక్క పడ్డ చోట పొంగుతుంది, ఆ తర్వాత నిగనిగ పోయి మచ్చ మిగులుతుంది. షాపు ముందు పెట్టావా, అక్క పెళ్లి ముందు అయిందా అని ఎవరైనా అడిగితే, "పెళ్లే ముందండీ. తెలిసి తెలిసీ పెట్టాను" అని నిట్టూరుస్తాడు.

"బావా, అది మార్బులే. అమ్మేవాణ్ణి, నాకు తెలీదా?" అని ఎన్నిసార్లు మొత్తుకున్నాడో.

"నీకు తెలుసోయ్. దాన్ని కూడా ఒక మాట అడగాలి కదా," అంటూనే మాస్టారు చుక్క వేసేసేవారు. అడ్డం పడదామంటే అక్క మొగుడాయె.

ఇంట్లో అక్క పాట్లు ఇంకో రకం. గుడ్లు తెచ్చి పెడితే తెల్లారేసరికి వెనిగర్ గిన్నెలో తేలుతుండేవి. పెంకు మొత్తం కరిగి, మెత్తగా, లోపలి సొన కనిపిస్తూ. "పెంకు కొట్టే పని తప్పించాను కదే," అనేవారు మాస్టారు. ఆవిడకు ముత్యాల కమ్మలు ఒక జత ఉన్నాయి. ముత్యం కూడా కార్బొనేటేనని ఆయన నోరు జారిన రోజునే అవి బీరువాలోకి వెళ్లిపోయాయి. "ఈయన నా చెవుల వంక చూస్తే సిగ్గు కాదురా తమ్ముడూ, భయమేస్తుంది," అని ఆవిడ తమ్ముడితో చెప్పుకుంది.

ఒకసారి మాస్టారు కడుపులో మంట అని డాక్టరు దగ్గరికి వెళ్లారు. డాక్టరు బిళ్లలిచ్చాడు. మాస్టారు ఒక బిళ్లను అక్కడే బల్ల మీద పెట్టి చుక్క వేశారు. అది పొంగింది. "నా కడుపులో ఏం జరగబోతోందో కళ్లారా చూశాను. ఇక మింగనక్కర్లేదేమో, సగం తగ్గింది," అన్నారు. డాక్టరు బల్ల తుడుచుకుని, తర్వాతి పేషెంటుని పిలవమన్నాడు.

ఆయనకు కోపం తెప్పించేది ఒక్క చాక్‌పీసే. చుక్క వేస్తే చలించదు. "సుద్ద అనుకుని నమ్మి ఇన్నేళ్లు దీంతోనే రాశాను. తీరా చూస్తే జిప్సం, కార్బొనేటే కాదు," అని క్లాసులో దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూపించేవారు.

బావమరిదికి ఒక్కతే కూతురు. మాస్టారి కాలేజీలోనే చదువుతోంది. ఫార్మసీ చదవాలని పట్టుదల. కిందటేడు కెమిస్ట్రీ ప్రాక్టికల్లో తప్పింది. ఆ పరీక్షలో పేరు లేని లవణం ఒకటి ట్యూబులో పోసి ఇస్తారు, అదేమిటో కనిపెట్టాలి. పిల్ల మధ్యలోనే లేచి వచ్చేసింది. "రాలేదు నాన్నా," అని ఏడ్చిందే తప్ప ఇంకో మాట లేదు. ఇప్పుడు మళ్లీ రాయాలి. "ఈసారీ పోతే ఫార్మసీ మాట మర్చిపో. వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చో," అని తండ్రి విసుగులో ఒక మాట అనేశాడు. ఆ రోజు నుంచి పిల్లకు అన్నం సయించలేదు. అది చూసి అతనికీ సయించలేదు. చివరికి బావ దగ్గరికి వెళ్లాడు.

"బావా, ఏ లవణం ఇస్తారో ముందుగా ఒక్క మాట చెవిన వేస్తే..."

"బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ చీటీలు తీయిస్తాడోయ్. నాకు తెలీదు. తెలిసినా చెప్పను."

"పోనీ, ఆ కార్బొనేట్ ఏదో వచ్చేలా చూడండి. మీకు చుట్టమే కదా."

"చుట్టమే. కానీ సిఫార్సులు వినదు." మాస్టారు కాసేపు గడ్డం గోక్కున్నారు. "సాయంత్రాలు అమ్మాయిని నాతో పంపు. నాకు భుజం పట్టేసింది. చుక్క వెయ్యడానికి మనిషి కావాలి."

మునిగిపోతున్నవాణ్ణి బరువు మొయ్యమన్నట్టుంది బావమరిదికి. అయినా పంపాడు.

ఆ సాయంత్రాల నుంచి వీధికి మంచి కాలక్షేపం దొరికింది. ముందు మాస్టారు, వెనక సీసా పట్టుకుని మేనకోడలు. ఇటుక మీద చుక్క. గాజు గ్లాసు మీద చుక్క. టీ కొట్టు ముందు బెంచీ మీద చుక్క.

"మాస్టారూ, అది చెక్కండీ," అన్నాడు టీ కొట్టతను.

"చూద్దాం. వెయ్యమ్మా."

అలా తిరిగి తిరిగి షాపుకి వచ్చారు. బావమరిది ఖరీదైన మార్బుల్‌కి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. మాస్టారు అటు చూడనైనా చూడకుండా వెనక వరసలో గ్రానైట్ దగ్గరికి నడిచారు.

"బావా, అది గ్రానైట్. పొంగదు."

"అవునా?"

"నాకే తెలిస్తే, మీకు తెలీదా?"

"వెయ్యమ్మా."

పిల్ల వేసింది. చుక్క గురి తప్పి పక్కన పడింది. మళ్లీ వేసింది.

"ఏమైంది?"

"ఏమీ అవలేదు మావయ్యా."

"ఏమీ అవకపోతే?"

"కార్బొనేట్ కాదు."

"ఊఁ. పక్కది."

పక్కదీ గ్రానైటే. దాని పక్కదీ గ్రానైటే. రాళ్లు కొనడానికి వచ్చినాయన ఇదంతా నోరు తెరుచుకుని చూసి, "వాళ్లెవరండీ?" అని అడిగాడు. "క్వాలిటీ చెకింగ్ వాళ్లండీ," అన్నాడు బావమరిది, ఇంకేం చెప్పాలో తోచక. ఆయన మెచ్చుకుంటూ తలూపాడు.

రోజూ ఇదే వరస. బావమరిది అక్క దగ్గర వాపోయాడు. "బావకి మతి పోయిందక్కా. ఇన్నాళ్లూ పొంగేవాటి మీద పోసేవారు, దానికైనా ఒక అర్థం ఉంది. పిల్లని కూడా వీధిలో నవ్వులపాలు చేస్తున్నారు."

"నీ మార్బుల్‌కి మచ్చలు పడటం లేదు కదా. నోరు మూసుకుని సంతోషించు," అంది అక్క.

పరీక్ష రోజున బావమరిది షాపు మూసి, కాలేజీ వరండాలో కూర్చున్నాడు. ల్యాబ్ తలుపు సందులోంచి ఘాటు వాసన వస్తోంది. కూతురు బయటికి వచ్చేసరికి దాదాపు అందరూ వెళ్లిపోయారు.

"ఏమైందమ్మా? పొంగిందా?"

"పొంగలేదు నాన్నా."

అతను కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలే. గల్లాపెట్టె మాట కోపంలో అన్నానమ్మా. నువ్వు కూర్చోనక్కర్లేదు."

"పోవడమేంటి? పొంగకపోతే కార్బొనేట్ కాదని రాసి, తర్వాతి టెస్టుకి వెళ్లాను. గాఢమైన ఆమ్లం వేస్తే ఘాటుగా పొగ వచ్చింది. క్లోరైడ్. అన్నీ పూర్తి చేసేశాను. ఎగ్జామినర్ చూసి కరెక్టే అన్నారు."

అతను నమ్మలేక మళ్లీ చెప్పించుకున్నాడు.

"పోయినేడూ ఇంతే నాన్నా. చుక్క వేశాను, ఏమీ రాలేదు. నేనే ఏదో పాడుచేశాననుకున్నాను. కంగారులో ట్యూబు పగిలింది. లేచి వచ్చేశాను."

"నాకు చెప్పలేదే."

"'ఏం రాలేదు?' అని నువ్వు అడగలేదుగా. మావయ్య అడిగారు."

ఆ మాట బావమరిదికి సూటిగా తగిలింది. పిల్ల ఏడుస్తుంటే తను గల్లాపెట్టె చూపించాడు. బావ ఊరంతా తిప్పి ఏమీ జరగకపోవడాన్ని అలవాటు చేశారు. వీధి నవ్విన నవ్వంతా తన మీద వేసుకున్నారు. ఆ క్షణంలో అతనికి బావ మీద పుట్టిన ప్రేమ ఇన్నేళ్లలో ఎన్నడూ పుట్టలేదు.

మాస్టారు ల్యాబ్ తాళం వేసి వచ్చారు. పట్టేసిన భుజానికే బరువైన సంచీ వేలాడుతోంది.

"గ్రానైట్ పొంగదని మీకు ముందే తెలుసు కదా బావా?" అన్నాడు బావమరిది.

"తెలుసోయ్. మొత్తం బజారులో పొంగనివి అన్నేసి ఒక్కచోట దొరికేది నీ దగ్గరే."

వరండా చివర మెట్ల మీద కళ్లద్దాల పిల్ల ఒకతె కూర్చుని ముక్కు చీదుతోంది. మాస్టారు ఆగారు.

"ఏమ్మా, ఏం రాలేదు?"

"నురగ రాలేదు సార్. ఏం రాయాలో తెలీలేదు. వచ్చేశాను."

మాస్టారు భుజం పట్టుకుని నొప్పిగా ఉన్నట్టు ముఖం పెట్టారు. బావమరిది ఆయన్ని చూశాడు, పిల్లని చూశాడు.

"రేపు సాయంత్రం తీసుకురండి బావా," అన్నాడు. "వెనకవైపు కొత్త సరుకు దించాను. ఒక్కటీ పొంగదు."