గలగలమన్న టీకా డబ్బా

మా ఊరి దారిలో భద్రతా బలగాల క్యాంపు పడిన ఏడాది, మే నెలలో, నన్ను సుక్మా జిల్లా కొంటా బ్లాకులో తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక ఉప ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎంగా వేశారు. ఏఎన్ఎం అంటే కాన్పులు, టీకాలు, గర్భిణుల పరీక్షలు చూసే గ్రామ నర్సు. ఆదేశాలిచ్చే వాళ్లు పైన చాలామంది ఉంటారు, ఎండలో నడిచేది మాత్రం ఆవిడే. కేంద్రానికీ మా అత్తగారి ఊరికీ మధ్య ఒక వాగు, ఒక చెక్‌పోస్టు. రోజూ అవి దాటే పనికి వెళ్లొచ్చేదాన్ని. మా ఆయన మిరప కోతలకు సరిహద్దు అవతల చర్ల వైపు వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. ఇంట్లో అత్త, కాన్పుకు వచ్చి రోడ్డు తెగడంతో అక్కడే ఉండిపోయిన మా ఆడబిడ్డ, ఆమె పాప ఉండేవాళ్లు.

యుద్ధం అనే మాట వాడొద్దని సుక్మా మీటింగుల్లో చెప్పేవారు. మరి ఏమనాలో మాత్రం చెప్పలేదు. మా ఇంట్లో దానికి పేరు అక్కర్లేదు. మందుపాతరలకు వాడతారని టార్చి సెల్లులు పోస్టు దాటనివ్వరు కాబట్టి చీకటి పడకముందే తినేవాళ్లం. బియ్యం కాస్త ఎక్కువ తెస్తే క్యాంపు వాళ్లు ఎవరికి వండుతున్నావనేవారు. తక్కువ వండి తమకు పెట్టకపోతే, క్యాంపుకు ఏం చెప్పి వచ్చావని అడవిలోని అన్నలు అడిగేవారు. "ఇద్దరి కండ్లూ నా పొయ్యి మీదనే," అనేది మా అత్త. "ఒక్కడన్నా ఒక కట్టె తెచ్చిండా?"

ఆ నెలలోనే వాగు అవతల, మా ఊరి పక్క ఊళ్లో తట్టు మొదలైంది. తొమ్మిది నెలలు నిండిన పిల్లలకు తట్టు టీకా వేయాలి. మా ఆడబిడ్డ పాపకు అప్పుడే నిండాయి. ఊళ్లో ఆ ఈడు పిల్లలు ఇంకా ఉన్నారు. ఒక్కరికీ టీకా పడలేదు.

టీకాలను మంచు పలకలున్న డబ్బాలో తీసుకెళ్లాలి. ఫ్రీజర్లోంచి తీసిన పలకలను వెంటనే అందులో పెట్టకూడదు. పైన చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు గలగలమనే దాకా ఆగాలి. గట్టి మంచు తగిలితే కొన్ని రకాల టీకాలు గడ్డకట్టి చెడిపోతాయి. నేను నిబంధన ప్రకారమే ఆగాను, సర్ది పెట్టుకుని బయల్దేరాను. చెక్‌పోస్టులో జవాను డబ్బా ఎత్తి ఊపాడు. గలగలమంది. అతను దాన్ని రోడ్డు మీద పెట్టి వెనక్కి దూకాడు.

నీడలో పెట్టండి, నేనే మూత తీస్తాను, చూడండి అన్నాను. వినలేదు. కుక్కను తీసుకుని బాంబు తనిఖీ దళం వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదన్నారు. వాళ్లొచ్చేసరికి ఎండ దిగుతోంది. ప్రతి సీసా మీదా వేడికి రంగు మారే చిన్న చదరం ఉంటుంది. చుట్టూ ఉన్న వలయమంత అది నల్లబడితే ఆ సీసా పనికిరాదు. అన్నీ నల్లబడ్డాయి. కుక్క మాత్రం వాసన చూసి తోక ఊపింది.

పోస్టు ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడే. రెండు ఉపాయాలు చెప్పాడు. చప్పుడు రాకుండా గట్టి మంచే పెట్టుకురమ్మన్నాడు. లేదంటే ఇద్దరు జవాన్లను ఊరి దాకా తోడు పంపుతానన్నాడు. మొదటిదానికి ఒప్పుకుంటే మిగతా టీకాలు చస్తాయి. రెండోదానికి ఒప్పుకుంటే ఆ రాత్రి మా ఇంటి తలుపు ఎవరు తడతారో ఆయనకూ తెలుసు. ఆ మాటే మొహం మీద అన్నాను. ఆయన టోపీ సర్దుకున్నాడు.

డబ్బా పోస్టు దాటడమే తంటా అయితే దాన్ని దాటించడం మానేద్దామనుకున్నాను. బుధవారం అంగడి, అంటే వారపు సంత, పోస్టుకు ఇవతల కేంద్రం వైపే జరుగుతుంది. అక్కడికి వచ్చినందుకు ఎవరూ ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. పిల్లల్నే అంగడికి తెమ్మని ఊళ్లో తల్లులకు చెప్పాను. మా అత్త ఎగిరిపడింది.

"ఏంది పిల్లా, గా తుపాకుల ముందట వరసల నిలబెడతవా పసిపిల్లల్ని?"

"ఇంట్ల ఉంచితే తట్టు తుపాకులకు భయపడి ఆగుద్దా అత్తా?"

కాసేపు నన్ను తిట్టింది, తర్వాత నా ఉద్యోగాన్ని తిట్టింది. బుధవారం పొద్దున మాత్రం అందరికంటే ముందు, పాపను చంకనేసుకుని తనే నడిచింది. వెనకాల ఊళ్లో తల్లులంతా వచ్చారు.

ఉప్పు అమ్మే వాళ్ల పక్కన ఇప్ప చెట్టు నీడలో కూర్చున్నాను. తట్టు టీకా పొడిగా వస్తుంది. నీళ్లు కలిపాక నాలుగు గంటలే బతుకుతుంది. అందుకే తల్లులు చేరాకే సీసా కలిపాను. గుంపు చూసి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. "సిస్టర్ జీ, పర్మిషన్ ఎవరిచ్చారు?" అన్నాడు హిందీలో. నేను సూది పట్టుకుని ఉన్నాను. మా అత్త ఏమడిగాడో కనుక్కుని తనే అందుకుంది.

"సారూ, పిల్లల్ని కన్ననాడు ఎవర్నీ అడగలే. సూదికి అడగాల్నా? నీకూ కావాల్నంటే వరసల నిలబడు."

ఒక్క మాట తగ్గించకుండా హిందీలో చెప్పాను. తల్లులు నవ్వారు. వెనకనున్న జవాను కూడా నవ్వబోయి ఆగాడు. ఇన్‌స్పెక్టర్ అక్కడే నిలబడ్డాడు, ఆపలేదు. పాప గుక్కపట్టి ఏడ్చింది. తరువాతి బిడ్డను రమ్మన్నాను.

ఆ వారమే పైనుంచి తాఖీదు వచ్చింది: ప్రణాళికలో ఖరారైన చోటు కాక వేరే చోట టీకాలెందుకు వేశారు, క్షమాపణ రాయండి. కారణం రాశాను, క్షమాపణ రాయలేదు. హెచ్చరిక నా సర్వీసు దస్త్రంలో చేరింది. మోకాళ్లు సహకరించక, గడువుకు ముందే విరమణ తీసుకున్న రోజు దాకా అక్కడే ఉంది. తీయించమని నేనెవర్నీ అడగలేదు.

వానలు పడ్డాక తట్టు మా ఊరికీ వచ్చింది. పాప దాని మధ్యనే పాకుతూ తిరిగింది, ఒంటి మీద ఒక్క పొక్కు లేచింది లేదు. అప్పట్నుంచి బుధవారాలు నేను అంగడిలోనే కూర్చున్నాను. కొత్తగా వచ్చిన ఏఎన్ఎంలు అడిగితే ఇదే చెప్పేదాన్ని: ఇరువైపులా తుపాకులున్నచోట జనం ఎలాగూ కలిసే చోటు చూసుకుని కూర్చోండి. పైవాళ్లకు చెప్పడం అవసరమే. టీకా వేశాక చెప్పండి.