వడియాలు ఎండే ఎండలో ఇరవై ఆరు డిగ్రీలు

ఇదొక మహాగాథ. మూడు రాజ్యాలు, మూడింటికీ కలిపి ఒకే కన్ను, నింద మోసిన ముసలి కాపలాదారు. అలా మొదలుపెడదామనుకున్నాను. నిజానికి ఇది భవానీపురంలో ఒక ఆసుపత్రి ఏసీల గొడవ.

దయ్యాలను నేను నమ్మను. ఏసీలు బాగుచేసేవాణ్ణి. చల్లగాలి ఎక్కడి నుంచి వస్తుందో తెలిసినవాణ్ణి.

ఆ ఆసుపత్రిలో మూడు బ్లాకులు. ఒక్కో బ్లాకు ఏసీలను నడపడానికి ఒక్కో కంట్రోలరు. బయట ఎండ ఎంతో చెప్పే సెన్సరు మాత్రం మూడింటికీ కలిపి ఒకటే, మొదటి బ్లాకు డాబా మీద. మూడు వాటాల ఇంట్లో అందరూ కలిసి ఒకే పేపరు వేయించుకున్నట్టు. అందులో తప్పు పడితే మూడు వాటాలూ నమ్ముతాయి.

మే నెలలో అదే జరిగింది. బయట నలభై మూడు డిగ్రీలు కాస్తుంటే, రోజూ మధ్యాహ్నం రెండు నలభైకి సెన్సరు ఇరవై ఆరని చెప్పేది. బయట చల్లబడిందనుకుని కంట్రోలర్లు మూడూ ఏసీలను తగ్గించేసేవి. పదకొండు నిమిషాల తర్వాత మళ్ళీ నలభై మూడు. ఈలోగా వార్డుల్లో జనం ఎక్స్‌రే కవర్లతో విసురుకునేవారు.

మేనేజరుగారి అనుమానం ఆపరేటరు కోటేశ్వరరావుగారి మీద. అరవై దాటిన మనిషి, కొండపల్లి నుంచి రోజూ బస్సులో వస్తారు. భోజనం చేసి, ఏసీల చప్పుడు లేకుండా కునుకు తీయడానికి ఆయనే ఏదో నొక్కుతున్నారని. నా రిపోర్టులో ‘ఆపరేటరు పొరపాటు’ అని పడితే చాలు, ఇంటికి పంపించేస్తారు. నాకూ ఆయన మీదే అనుమానం. ఆయన ఆవలింతలు కళ్ళారా చూశాను.

మొదటిరోజు డాబా ఎక్కగానే దయ్యం కనిపించింది. తెల్లగా, గాలికి ఊగుతూ. తీరా చూస్తే క్యాంటీన్ రమణమ్మగారి తడిగుడ్డ. గుమ్మడి వడియాలు పెట్టి, గుడ్డ ఉతికి సెన్సరు మీద ఆరేశారు.

“అది సెన్సరండీ!”

“కొక్కెంలాగా ఉంటేనూ, నాకేం తెలుసయ్యా! తీస్తే తియ్యి గానీ వడియాలు తొక్కకు.”

కేసు తేలిపోయింది. సగం ఎండిన వడియం ఒకటి నోట్లో వేసుకుని దిగాను. మర్నాడు గుడ్డ లేదు. రెండు నలభైకి ఇరవై ఆరు మాత్రం ఉంది.

మూడోరోజు సెన్సరును ఊడదీసి కంట్రోల్ రూములో బల్ల మీద పెట్టాను. తీగ తీసేస్తే చివరి అంకె తెర మీద నిలిచిపోవడం మామూలే. నలభై మూడు నిలిచిపోయింది. ఆ సెన్సరు నంబరుతోనే ఇంకో పరికరం ఏదైనా అంకెలు పంపుతోందేమోనని నెట్‌వర్కంతా వెతికాను. లేదు.

రెండున్నర దాటాక కోటేశ్వరరావుగారు రెండు చేతులూ చాపారు. “నేనే నొక్కుతున్నాననేగా బాబూ మీ అనుమానం? ఇవిగో, పట్టుకు కూచోండి.”

“అబ్బే, అదేం లేదండీ” అంటూనే పట్టుకున్నాను.

రెండు నలభై. తెర మీద నలభై మూడు కాస్తా ఇరవై ఆరు పాయింట్ ఒకటి అయింది. తర్వాత ఇరవై ఐదు పాయింట్ తొమ్మిది. నిమిషానికో అంకె మారుతోంది. సెన్సరు బల్ల మీద, తీగ లేకుండా, నా టీ గ్లాసు పక్కనే ఉంది.

తలుపు తీసిన నర్సు, చేతులు పట్టుకుని కూర్చున్న మమ్మల్ని చూసి మళ్ళీ వేసేసింది.

“వదలకండి బాబూ” అన్నారాయన.

“సాక్ష్యానికా?”

“కాదండీ, భయానికి.”

సాయంత్రం మా ఏసీ సర్వీసు ఓనరు ఫోన్ చేశాడు. “ఆపరేటరు పొరపాటని రాసి పడెయ్యరా. లేకపోతే మన మీదకొస్తుంది.” కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించాను. చివరికి ఇలా రాశాను: ‘కారణం తెలియలేదు. ఆపరేటరు ఏమీ నొక్కలేదు. ఆ సమయంలో ఆయన రెండు చేతులూ నా దగ్గరే ఉన్నాయి.’ కంట్రోలరులో నమోదైన ఆ పదకొండు అంకెల కాగితం దానికి జతచేసి, నకలొకటి నా బ్యాగులో పెట్టుకున్నాను. కోటేశ్వరరావుగారి ఉద్యోగం నిలిచింది. మా ఓనరు తిట్టుకుంటూ బ్లాకుకొకటి చొప్పున మూడు కొత్త సెన్సర్లు పెట్టించాడు. ఆ తర్వాత రెండు నలభైకి ఇరవై ఆరు రాలేదు.

వారం తర్వాత ఉన్నట్టుండి ఈదురుగాలి, వాన. రెండు నలభైకి మొదలై పదకొండు నిమిషాలు కురిసింది. రమణమ్మగారి వడియాలు కొట్టుకుపోయాయి. కోటేశ్వరరావుగారి ఫోను: “మీ రిపోర్టు కాగితం పట్టుకుని ఒకసారి రండి బాబూ.”

వెళ్ళాను. వాన కురిసినంతసేపూ మొదటి బ్లాకు కొత్త సెన్సరు చూపిన అంకెలు తెర మీద ఉన్నాయి. ఇరవై ఆరు పాయింట్ ఒకటి, ఇరవై ఐదు పాయింట్ తొమ్మిది... వరసగా పదకొండూ నా కాగితంలోవే. కాగితం మీద అంకెలు ఆయన మార్చారేమోనని అప్పుడు కూడా అనుమానించాను. కానీ ఆ నకలు వారం రోజులుగా నా బ్యాగులోనే ఉంది.

ఆ వాన సంగతి వారం ముందే ఎవరికి తెలుసో, బల్ల మీద పడున్న సెన్సరు పేరుతో ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. కోటేశ్వరరావుగారు ఇంకా డ్యూటీకి వస్తున్నారు. రెండు నలభైకి మాత్రం కునుకు తీయడం లేదు.

మిగతా రెండు బ్లాకుల సెన్సర్లు ఆ రోజు ఆ అంకెలకు అర డిగ్రీ అటూ ఇటూ చూపించాయి. అంత తేడా మామూలేనని సెన్సర్లు వచ్చిన అట్టపెట్టె మీదే రాసి ఉంది.