ఆఖరి పేరుకు కొట్టించిన చప్పట్లు

నాకు చదువు రాదు. కూతురు లావణ్యతో రాయిస్తున్నాను. మా ఆయన పోయాక సూరత్ దగ్గర జోల్వాలో చీరలు మడతపెట్టే పనిలో చేరాను. మొన్న గోడకు ర్యాంకుల కాగితం అతికించారు. ఆఖరి పేరు నాది. ఆఖరువాళ్లకు పని లేదన్నారు.

"నేను మడిచిన చీర ఒక్కటన్న వాపసొచ్చిందా?" అని అరిచాను.

"కంప్యూటర్ తప్పు జెప్తదా, పెద్దమ్మా?" అని నవ్వాడు మేనేజర్ మహేశ్. వాడూ తెలుగువాడే.

కంప్యూటర్ పనిచేసే లావణ్య నేను పిలిస్తే వచ్చి, మహేశ్ తెర చూసింది. "వాపసొచ్చినయి తీసేసి, మిగిలినదానికి గూడ 'మాల్' అనే పేరే పెట్టినవ్ అన్నా. ర్యాంకుకు గా కొత్త లెక్క కనవడదు. పట్టికల ఉన్న పాత మాల్‌నే, అంటే వాపసులు తియ్యని మొత్తం మడతల లెక్కనే పట్టుకున్నది. ముందు తీసివేత చేసి, తర్వాత దాని మీద ర్యాంకు వెయ్యాలె."

అలా వేస్తే నేను మూడో నంబరు. ఆఖరున నా పక్కన కూర్చునే శాంత పేరొచ్చింది.

"పెద్దమ్మ గెలిచింది, కొట్టుండ్రి చప్పట్లు!" అన్నాడు మహేశ్.

అందరూ కొట్టారు. తలవంచుకుని శాంత కూడా కొట్టింది. లెక్క సరైంది గాని, ఆ చప్పుడుతోనే నా పక్క చోటు ఖాళీ అయింది.