సాక్ష్యంలో లేని అత్తయ్యగారు

అమలాపురం బస్టాండు పక్కన టిఫిన్ సెంటర్లో పొట్టిక్కలు దింపుతుంటే, ఆవిరికి వడలిన పనసాకు వాసన తగలగానే నాకు ఆకలి వేయదు, కోపం వస్తుంది. ఇన్నేళ్లయినా చల్లారని కోపం, అదీ కన్నతల్లి మీద.

ఆ వాసన మా పక్కింటి సత్యవతి అత్తయ్యగారిది. మాది ప్రార్థనల ఇల్లు, వాళ్లది పూజల ఇల్లు. మధ్యనున్న దడి కోళ్లకీ అడ్డు కాదు, పిల్లలకీ అడ్డు కాదు. ముసురు పట్టిందంటే ఆవిడ దొడ్లో పనసాకులు కోసి, కొబ్బరి ఈనెలతో బుట్టలు కుట్టి, ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు ఉడికించి, అల్లం పచ్చడితో సహా పొగలు కక్కుతుండగానే దడి మీంచి అందించేవారు. క్రిస్మస్‌కి అమ్మ వండిన అరిసెలు అదే దడి మీంచి అటు వెళ్లేవి.

నాన్న మస్కట్‌లో ఉండగా నాకు టైఫాయిడ్ వచ్చింది. తమ్ముడు పుట్టి నెల కూడా కాలేదు, అమ్మ కదల్లేదు. అత్తయ్యగారే నన్ను భుజాన వేసుకుని, పంటు మీద ఏరు దాటించి ఆసుపత్రిలో చేర్పించి, జ్వరం దిగేదాకా మంచం పక్కనే కూర్చుని గంజి తాగించారు.

ఆ ఏడు మా చర్చి పండగకి కొబ్బరాకుల పందిరి కింద, దేవుడు చేసిన మేలు గురించి అమ్మ అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. సాక్ష్యానికి మా ఊళ్లో ఒక వరస ఉండేది: ముందు కష్టం, తర్వాత అందరూ చెయ్యి వదిలేయడం, చివరికి ప్రభువు రావడం. చాప మీద కూర్చుని నేను అత్తయ్యగారి పేరు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను.

"ఇరుగూ పొరుగూ ఒక్కరూ మా గుమ్మం తొక్కలేదండి. ప్రభువొక్కడే నా బిడ్డని లేపేడండి," అంది అమ్మ.

అందరూ ఆమెన్ అన్నారు. కొబ్బరిచెట్టుకి కట్టిన మైకు మా వీధివైపే తిరిగి ఉంది. నన్ను నిలువునా మోసం చేసినట్టనిపించింది.

ఇంటికొచ్చి అడిగితే, మనుషుల పేర్లు చెబితే దేవుడి మహిమ తగ్గిపోతుందంది అమ్మ. అదే సాక్ష్యంలో, నా కోసం ప్రార్థన చేశారని పాస్టరుగారి పేరు చెప్పినప్పుడు మాత్రం తగ్గలేదు కాబోలు. దేవుడే నన్ను లేపాడని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. ఎవరి భుజం మీద లేపాడో దాచేస్తే అది సాక్ష్యం ఎలా అవుతుంది?

మర్నాడు దడి దగ్గరికి వెళ్లాను. ఎప్పుడూ "మీ అమ్మ" అనే ఆవిడ మాట మార్చారు.

"మీ అమ్మగారు బాగా చెప్పేరమ్మా. మైకు మా వైపే కట్టేరు కదా, అంతా వినపడింది."

ఆ తర్వాత పొట్టిక్కలు రాలేదు. అమ్మ పంపిన అరిసెలు, తమకి పడవన్న కబురుతో తిరిగొచ్చాయి. కొన్నాళ్లకి దడి పోయి గోడ లేచింది. అమ్మ మాత్రం ఏటా అదే సాక్ష్యం చెబుతూ వచ్చింది.

మొన్న పండగకి ఊరెళ్తే నన్నూ చెప్పమన్నారు. మైకు పట్టుకుని ముందుగా సత్యవతి అత్తయ్యగారి పేరే చెప్పాను. భుజం, పంటు, గంజి, అన్నీ చెప్పాను. ముందు వరసలో అమ్మ తల దించుకుంది. ఆమెన్ ఎవరూ అనలేదు. మైకు ఇప్పటికీ ఆ వీధివైపే కడుతున్నారు. అత్తయ్యగారు పోయాక వాళ్ల ఇల్లు పడగొట్టేశారు. పనసచెట్టు లేదు, ఆవిడ కూర్చుని విన్న అరుగూ లేదు. ఆవిడ పేరు ఆ ఖాళీ స్థలం మీదుగా వెళ్లిపోయింది.