మూడో పొట్టెక్క

సఖినేటిపల్లి సువార్తమ్మ పొట్టెక్కల వ్యాపారానికి అన్నీ అమర్చుకుంది. పనసాకులకు తమ్ముడి దొడ్డి ఉంది. ఆకులు బుట్టల్లా కుట్టడానికి ఈనెపుల్లలు చీరి పెట్టుకుంది. అరుగు అలికి బల్ల వేసింది, డబ్బులకని ముంత పెట్టింది. కొబ్బరి దింపుకెళ్ళే పెనిమిటికి నడుం పడిపోయాక ఇల్లు గడవాల్సింది ఆ ఆకుబుట్టల్లో ఉడికే ఇడ్లీపిండి మీదే. తొలిరోజు రేడియోలో వార్తలు వచ్చే వేళకే పొట్టెక్కలన్నీ అయిపోయాయి గాని, ముంత మాత్రం ఖాళీగానే ఉంది. వచ్చినవాళ్ళంతా ఊరివాళ్ళు. తిన్నాక ఎవరైనా జేబులో చెయ్యి పెడితే చాలు, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ, "ఉండనివ్వండి బాబాయిగారూ, మనలో మనకేంటండీ" అనేసేది. "ఆయ్" అంటూ ఆయన చెయ్యి వెనక్కి తీసుకునేవారు. కావాలని అనేది కాదు, నోటికి అలవాటైన మాట.

వారం తిరక్కుండా మినప్పప్పు నిండుకుంది. సువార్తమ్మ తమ్ముడి దగ్గర పప్పు అరువు తెచ్చి, మర్నాడు పొద్దున్నే గంపతో నరసాపురం పడవెక్కింది.

"బల్ల ఇక్కడేసుకుని అటెక్కడికండి పిన్నిగారూ?" అన్నాడు పడవ నడిపే పెద్దిరాజు.

"నన్ను పిన్నీ అనేవాళ్ళు లేని చోటికి నాయనా."

అవతలి గట్టున గంప దించిందో లేదో, ముక్కూమొహం తెలియని రిక్షా అతను వచ్చి నిలబడ్డాడు. "రెండు పెట్టండి అక్కగారూ" అన్నాడు. సువార్తమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. రెండూ పెట్టి, పైన మూడోది వేసింది. తిన్నాక అతను జేబులో చెయ్యి పెట్టాడు. గొంతు దాకా వచ్చిన మాటను మింగి, సువార్తమ్మ చెయ్యి చాపింది.

"మూడోది అక్క పెట్టింది తమ్ముడూ. ఆ రెంటికీ ఇచ్చెయ్యి."